తెలుగు రాసినట్టే పలుకుతాం కదా, పాఠాన్ని మాటగా మార్చడానికి పద విశ్లేషణ ఎందుకు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: చూపు లేని విద్యార్థుల కోసం తెలుగు దినపత్రికను చదివి వినిపించే సాధనం తయారు చేస్తున్నారు. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ ఒకటి, ఉచ్చారణ ఒకటి కాబట్టి అక్కడ పదాన్ని విడగొట్టి చూడాల్సి రావడం సహజం. తెలుగులో ఏ అక్షరానికి ఆ ధ్వని ఉండగా ధాతువు, ప్రత్యయం అంటూ విడదీసే శ్రమ ఎందుకని అడిగారు.

అవసరమేనండీ. అయితే మీరు భయపడుతున్నంత పని కాదు. తెలుగు లిపి మాట మధ్యలో చాలావరకు నిక్కచ్చిగానే ఉంటుంది. తేడా వచ్చేది అతుకుల దగ్గర, అంటే ప్రత్యయం చేరే చోట, ‘సీఎం’ లాంటి పొడి అక్షరాల పక్కన విభక్తి వచ్చి పడే చోట, అంకెకు ‘న’, ‘లో’, ‘కి’ తగిలించిన చోట. ఆ అతుకు ఎక్కడుందో యంత్రానికి తెలిస్తే చాలు. నేను చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. వినేవాళ్ల నుంచి వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఈ అతుకుల గురించే.

ముందు ఇంగ్లిష్ వాళ్లు ఏం చేశారో చెబుతాను, మనకు పనికొచ్చే పాఠం అందులో ఉంది. అమెరికాలోని ఎంఐటీలో జొనాథన్ ఆలెన్, షారన్ హనికట్, డెనిస్ క్లాట్ కలిసి 1970లలో పాఠాన్ని మాటగా మార్చే ఎంఐటాక్ అనే వ్యవస్థను నిర్మించారు. 1979 నాటికి అది పూర్తి రూపానికి వచ్చింది. ఇంగ్లిష్ పదాలన్నిటినీ ఉచ్చారణతో సహా నిఘంటువులో పెట్టాలంటే ఆనాటి కంప్యూటర్లలో చోటు చాలదు. అందుకని దాదాపు 12,000 పదాంశాలు, అంటే ధాతువులు, ఉపసర్గలు, ప్రత్యయాలు మాత్రమే పెట్టుకున్నారు. వచ్చిన ప్రతి పదాన్నీ వాటిలోకి విడగొట్టి, ముక్కల ఉచ్చారణలను కలిపేవారు. అలా లక్షకు పైగా పదాలు పలికించగలిగారు. ‘హాట్‌హౌస్’ అనే మాట స్పెల్లింగ్‌లో టీ, హెచ్ పక్కపక్కన వస్తాయి. అతుకు తెలియని యంత్రం ఆ రెండిటినీ కలిపి ‘థ’ అనేస్తుంది. హాట్, హౌస్ అని విడగొడితే ఆ తప్పు రాదు.

ఒక్కోసారి మాట రెండు రకాలుగా విడిపోతుంది. ‘స్కేర్సిటీ’ అంటే కొరత. ఆ స్పెల్లింగ్‌ను ‘స్కార్’, ‘సిటీ’ అనే రెండు మాటలుగానూ విడగొట్టవచ్చు, ‘స్కేర్స్’కు ‘ఇటీ’ ప్రత్యయం చేరిందనీ అనుకోవచ్చు. రెండు పూర్తి మాటల సమాసం కన్నా మాటకు ప్రత్యయం చేరడం ఎక్కువగా జరుగుతుంది కాబట్టి ఎంఐటాక్ సమాసానికి ఎక్కువ ఖర్చు లెక్కగట్టి, ఖర్చు తక్కువైన విశ్లేషణను ఎంచుకునేది. ఈ ఖర్చు లెక్క గుర్తుంచుకోండి, మీకూ పనికొస్తుంది. క్లాట్ చేసిన కృత్రిమ స్వరమే తర్వాత పాఠాన్ని పలికే పరికరమైన డెక్‌టాక్‌లోకి వెళ్లింది. స్టీఫెన్ హాకింగ్ గొంతుగా లోకమంతా విన్నది కూడా ఆ వంశంలోదే.

ఇక మన సంగతి. పత్రికలో రోజూ కనిపించే శీర్షిక తీసుకోండి: ‘సీఎంతో కలెక్టర్ల భేటీ’. సున్నా తర్వాత ఏ వర్గం హల్లు వస్తే ఆ వర్గపు అనునాసికంగా పలకాలని మీరు నియమం రాసి ఉంటారు. పంటలో ణ, పందిలో న, పంపులో మ. ఆ నియమం సరైనదే. కానీ ‘సీఎంతో’ దగ్గర ఆ నియమం సున్నాను ‘న్’గా మార్చి ‘సీయెన్తో’ అని పలికిస్తుంది. వినేవాళ్లకు ‘ఎంతో’ అన్న మాట చెవిన పడుతుంది, ముఖ్యమంత్రి మాయమవుతాడు. ‘డీఎంకే’ తీసుకుంటే ‘డీయెఙ్కే’ అవుతుంది. ‘ఏటీఎంకి’, ‘స్టేడియంకి’, ‘ఎంటెక్’ అన్నీ ఇదే బాపతు. సున్నాకూ తర్వాతి హల్లుకూ మధ్య అతుకు ఉంటే, ముఖ్యంగా పొడి అక్షరాల్లో, కొత్తగా వచ్చిన మాటల్లో, సున్నా ‘మ్’గానే నిలుస్తుంది.

తెలుగు మాటల్లో కూడా ఈ జత చూడండి. ‘వారంతా వచ్చారు’, ‘ఈ వారంతో గడువు ముగుస్తుంది’. మొదటిది వారు, అంతా కలిసిన మాట, అక్కడ సున్నా ‘న్’. రెండోది వారానికి ‘తో’ చేరిన మాట, శ్రద్ధగా చదివేవాళ్లు అక్కడ ‘మ్’ అంటారు. రాతలో తేడా చివరి అచ్చు ఒక్కటే. అందంగా, ముఖ్యంగా లాంటి చోట్ల మాత్రం ‘మ్’ అనేవాళ్లూ ఉన్నారు, ‘ఙ్’ అనేవాళ్లూ ఉన్నారు. అక్కడ మీకు గొంతు ఇచ్చిన మనిషి ఎలా పలికితే అలాగే ఉంచండి, వాదన పెట్టుకోవద్దు.

దీనికన్నా లోతైనది ‘ఆ’ సంగతి. ‘చెప్పాడు’, ‘చెప్పాలి’ రెండూ బయటికి అని చూడండి. రెండింటిలోనూ రాసేది ‘ప్పా’యే. కానీ కోస్తా మాటను ఆధారం చేసుకున్న ప్రామాణిక ఉచ్చారణలో ‘చెప్పాడు’లోని అచ్చు ‘బ్యాంకు’లో వినిపించే అచ్చుకు దగ్గరగా ఉంటుంది, ‘చెప్పాలి’లో నిండైన ‘ఆ’ పలుకుతుంది. భూతకాలపు ‘ఆ’ ఒకటి, ‘ఆలి’లోని ‘ఆ’ మరొకటి. ‘చెప్పాక’ కూడా మొదటి రకమే. మళ్లీ తిన్నాడు, విన్నాడు, కొన్నాడు, ఉన్నాడు అనే చోట భూతకాలమైనా నిండు ‘ఆ’యే వస్తుంది. చేశాడు, చూశాడు అని ‘శ’ పెట్టి రాయడం ఈ అచ్చు ప్రభావం వల్లే. చేసాడు అని రాసేవాళ్లూ చాలామంది ఉన్నారు, పలుకు మాత్రం ఒకటే. కాబట్టి మీ యంత్రం రెండు రాతలనూ ఒకే క్రియగా గుర్తుపట్టాలి.

ఇక్కడే ‘చ’ కూడా చేరుతుంది. ‘మార్చాడు’, ‘మార్చాలి’ తీసుకోండి. తెలుగు మాటల్లో అ, ఉ, ఒ లాంటి అచ్చుల ముందు చ, జ దంత్యాలవుతాయి, అంటే బ్రౌన్ దొర నిఘంటువులో ౘ, ౙ గుర్తులతో చూపించిన ధ్వనులు. ఇ, ఎ ముందు తాలవ్యాలుగా, అంటే మామూలు చ, జలుగా ఉంటాయి. భూతకాలపు ఆ ప్రత్యేకమైన అచ్చు ముందు కూడా తాలవ్యమే. అందువల్ల ‘మార్చాలి’లో దంత్య ౘ, ‘మార్చాడు’లో మామూలు చ. ఒకే ధాతువు, ఒకే రాత. ప్రత్యయం మారేసరికి అచ్చూ మారింది, దాని ముందున్న హల్లూ మారింది. అక్షరాలను ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోయే నియమాలకు ఇది అందదు. చివర ‘డు’ ఉందా ‘లి’ ఉందా అని చూశాకే మధ్యలోని ‘ర్చా’ను పలకగలం.

‘రోజా’ అనే మాట కూడా ఇలాంటిదే. రోజా పువ్వు అన్నప్పుడు తాలవ్య జ. ‘పరీక్ష ఈ రోజా?’ అని అడిగినప్పుడు అది రోజు మీద ప్రశ్నార్థకపు ‘ఆ’ చేరిన మాట, కాబట్టి దంత్య ౙ. ‘రోజే’ అంటే మళ్లీ తాలవ్యం. ఇక సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఏ అచ్చు ముందైనా తాలవ్యమే: ‘చలి’లో ౘ, ‘చలనం’లో చ. ‘జడ’లో ౙ, ‘జడత్వం’లో జ. దీనికి ప్రత్యయ విశ్లేషణ చాలదు, ధాతువుల పట్టికలో ఏది దేశ్యం, ఏది తత్సమం అని గుర్తు పెట్టుకోవాలి. ‘బ్యాంకు’లోని అచ్చుకూ ‘వ్యాపారం’లోని ‘యా’కూ ఉన్న తేడాకూ అదే పట్టిక పనికొస్తుంది. ఈ తేడాలు ఇప్పటి పట్నం పిల్లల్లో కొందరు పాటించరు, నిజమే. కానీ వార్తలు చదివే గొంతులో అవి లేకపోతే పెద్దవాళ్లు వెంటనే పట్టేస్తారు, ‘ఇది మన తెలుగులా లేదు’ అంటారు. ఏది తప్పో చెప్పలేరు, తప్పుందని మాత్రం తెలుస్తుంది.

అంకెల దగ్గరకు వస్తే పద విశ్లేషణ లేకుండా అడుగు ముందుకు పడదు. అంకెను ఎలా చదవాలో దాని వెనకున్న ప్రత్యయమే చెబుతుంది. ‘1956లో’ అంటే సంవత్సరం కావడానికే ఎక్కువ అవకాశం, పంతొమ్మిది వందల యాభై ఆరులో అని చదవాలి. ‘1956 మంది’ అంటే వెయ్యీ తొమ్మిది వందల యాభై ఆరు మంది. ‘25న’ అంటే తేదీ. ‘9.30కి’ అంటే వేళ, తొమ్మిదిన్నరకి. ‘9.30 శాతం’ అంటే దశాంశం. ఇంగ్లిష్ సాధనాల నుంచి తెచ్చుకున్న అంకెల ప్రోగ్రామ్‌లు ముందు అంకెను విడదీసి మాటల్లోకి మార్చేసి, తర్వాత మిగతా అక్షరాలను అతికిస్తాయి. మనకు ఆ క్రమం పనికిరాదు. అంకెనూ ప్రత్యయాన్నీ కలిపి ఒకే మాటగా చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. ‘రూ.1,500 కోట్లతో పనులు’ అని రాస్తారు. చదివేటప్పుడు ‘పదిహేను వందల కోట్ల రూపాయలతో పనులు’ అంటాం. ‘రూ.’ ముందు నుంచి వెనక్కి వెళ్లింది. కోట్లకు ఉన్న ‘తో’ రూపాయలకు మారింది. విభక్తి పోయాక కోట్లు ఊరికే కోట్లుగా మిగల్లేదు, తర్వాతి మాటకు విశేషణంగా ‘కోట్ల’ అయింది. ‘రూ.500కు’ కూడా అంతే: 500 విడిగా ఉంటే ఐదు వందలు, రూపాయలకు ముందు ఐదు వందల. ఈ మార్పులు రాయాలంటే ‘తో’ అనేది విభక్తి అనీ, ‘కోట్లు’ బహువచన నామమనీ యంత్రానికి తెలిసి ఉండాలి. పత్రిక చదివే సాధనం కాబట్టి మీకు పేజీకి పదిసార్లు ఇది ఎదురవుతుంది. నన్నడిగితే మొదటి నెల మొత్తం దీని మీదే పెట్టండి.

విరామాల గురించి కూడా ఒక మాట. తెలుగు పత్రికల్లో కామాలు తక్కువ, వాక్యాలు పొడుగు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో మనకు క్రియల చివర్లే చెబుతాయి. ‘వస్తే’, ‘వచ్చాక’, ‘వచ్చినా’, ‘వస్తానని’ తర్వాత ఆగవచ్చు. ‘వచ్చిన’ తర్వాత ఆగకూడదు, ఎందుకంటే అది తర్వాతి నామానికి విశేషణం. ‘మంత్రి చెప్పినా పనులు మొదలుకాలేదు’, ‘మంత్రి చెప్పిన పనులు మొదలుకాలేదు’. ఒక్క దీర్ఘం తేడాతో విరామం ఉండటమా లేకపోవటమా అన్నది తేలిపోతుంది. రెండో వాక్యంలో ‘చెప్పిన’ తర్వాత యంత్రం ఆగిందంటే వినేవాళ్లు మొదటి అర్థమే తీసుకుంటారు. ప్రశ్నల్లో స్వరం పైకి లేవాలన్నా అంతే. ‘నువ్వు నిన్న వెళ్లావా’, ‘నువ్వు వెళ్లింది నిన్ననా’ అనే రెండింటిలో ఆ ‘ఆ’ ఏ మాట మీద వాలిందో అక్కడ లేవాలి. ప్రశ్న గుర్తు పెట్టని రాతలు ఎన్నో ఉంటాయి, వాటిలో మీకు దొరికే ఆధారం ఆ ప్రత్యయం ఒక్కటే.

ఇప్పుడు ఏం కట్టాలో చెబుతాను. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో తెలుగు పద విశ్లేషణ మీద మంచి పని జరిగింది. కానీ యంత్రానువాదం కోసం చేసిన విశ్లేషకాలు లింగం, వచనం, పురుషతో సహా అన్నీ తేల్చాలని చూస్తాయి. మీకు అంత అక్కర్లేదు. సంధులు విప్పి ప్రకృతి రూపాలు బయటికి తీయాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే తెలుగు రాతలో సంధి జరిగిన రూపమే ఉంటుంది, పలకాల్సిందీ దాన్నే. ‘ఏమైందంటే’ అన్న మాటను ఏమి, అయింది, అంటే అని విడగొట్టి మళ్లీ అతికించడం వృథా. అతుకు వల్ల ధ్వనిగానీ, విరామంగానీ, స్వరంగానీ మారే చోట్లే గుర్తు పెట్టండి.

మాటను కుడివైపు నుంచి వలుచుకుంటూ రండి. ‘కలెక్టర్లతోనేనా’ వచ్చిందనుకోండి. చివర ‘నా’ ప్రశ్నార్థకం, దాన్ని తీస్తే ‘నే’ అవధారణ (నొక్కి చెప్పడం), తర్వాత ‘తో’ విభక్తి, ‘ల’ బహువచనం, మిగిలింది ‘కలెక్టర్’. ప్రతి దశలోనూ మిగిలిన ముక్క ధాతువుల పట్టికలో ఉందేమో చూడండి, ఉంటే ఆగండి. కానీ అన్నిటికన్నా ముందు మొత్తం మాట పట్టికలో ఉందేమో చూడాలి, లేకపోతే కిలో, హలో, సోలో అన్నీ ‘లో’ విభక్తి మాటలైపోతాయి, ‘తగాదా’ ప్రశ్న అవుతుంది. రెండు మూడు విశ్లేషణలు కుదిరితే ఎంఐటాక్ వాళ్లలాగే ఒక్కోదానికి ఖర్చు కట్టండి: మొత్తం మాట దొరికితే అతి తక్కువ, నామానికి విభక్తి చేరితే కొంచెం ఎక్కువ, రెండు ధాతువుల సమాసమైతే ఇంకా ఎక్కువ. పాఠాన్ని పలికే ఈస్పీక్ అనే ఉచిత సాధనం వాడుతుంటే దాని నియమాల ఫైల్లోనే చివరి ప్రత్యయాన్ని తీసి మిగతా మాటను మళ్లీ వెతికే ఏర్పాటు ఉంది, మొదటి ప్రయోగాలు అందులోనే చేసుకోవచ్చు.

చాలామంది తెలియక పారేసుకునే ఆధారం ఒకటుంది. ‘హైదరాబాద్‌లో’, ‘ఫోన్‌కి’ అని టైప్ చేసేటప్పుడు పొల్లు హల్లు కింద వత్తు పడకుండా కంటికి కనిపించని ఒక అక్షరం పెడతాం, యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పాఠాన్ని శుభ్రం చేసే ప్రోగ్రామ్‌లు చాలావరకు దాన్ని చెత్త అనుకుని తీసేస్తాయి. తీయవద్దు. తెలుగులో అది పడే చోటు చాలాసార్లు అతుకే. టైప్ చేసిన మనిషి తనకు తెలియకుండానే మీకు విశ్లేషణ చేసి పెట్టాడన్నమాట. దాన్ని తీసేస్తే ‘ద్లో’ అనే సంయుక్తాక్షరం పుట్టి, అక్షరాల ప్రకారం ధ్వనిని ముక్కలు చేసే వ్యవస్థల్లో ‘హైదరాబా, ద్లో’ అని విరుగుతుంది.

ఇప్పటి నాడీజాల (న్యూరల్ నెట్‌వర్క్) నమూనాలు ఇవన్నీ వాటంతట అవే నేర్చుకోవా అని మీరు అడగవచ్చు. కొంత నేర్చుకుంటాయి. వచ్చాడు, చెప్పాడు లాంటివి శిక్షణ ధ్వనుల్లో వందలసార్లు వస్తాయి కాబట్టి ఆ అచ్చు సరిగ్గానే వస్తుంది. కానీ తెలుగులో ఒక్కో క్రియకు వందల రూపాలు, మీ దగ్గరున్న రికార్డింగు కొన్ని గంటలు. శిక్షణలో ఎన్నడూ రాని రూపం దగ్గర నమూనా ఊహిస్తుంది, ఆ ఊహ ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంటుంది. గణాంకాలను బట్టి మాటను ముక్కలు చేసే పద్ధతులు కూడా తరచుదనాన్ని చూస్తాయే తప్ప అతుకు చోటును చూడవు. నా సలహా ఏమిటంటే నమూనాకు ముడి అక్షరాలు ఇవ్వకండి. పైన చెప్పిన వలిచే పని ముందు చేసి, ధ్వనుల రూపంలో, అతుకుల దగ్గర ఒక గుర్తుతో ఇవ్వండి. కొద్దిపాటి రికార్డింగుతోనే ఫలితం స్థిరంగా ఉంటుంది.

మీ పాఠకులు ఏ ప్రాంతం వాళ్లో కూడా చూసుకోండి. తెలంగాణ మాటలో ‘వచ్చిండు’, ‘చెప్పిన్రు’ అంటారు, అక్కడ భూతకాలపు ‘ఆ’ గొడవే లేదు. కానీ మీ ప్రత్యయాల పట్టికలో ‘ఇండు’, ‘ఇన్రు’ లేకపోతే ఆ క్రియలను యంత్రం గుర్తుపట్టదు, వాటి తర్వాత విరామమూ పెట్టదు. పత్రికల్లో కథలు, మాండలిక శీర్షికలు ఉంటాయి కాబట్టి వీటిని మొదటి నుంచీ చేర్చండి. రాయలసీమలో వినిపించే ‘వచ్చినాడు’ రూపాలు కూడా.

పరీక్షించేటప్పుడు మామూలు వాక్యాలు వినిపించి ‘బాగుందా’ అని అడిగితే అందరూ బాగుందంటారు. జతలు తయారు చేయండి: సీఎంతో, ఎంతో. మార్చాడు, మార్చాలి. చెప్పిన, చెప్పినా. 1956లో, 1956 మంది. ఒక్కో జతను వాక్యంలో పెట్టి, విని ఏం విన్నారో చెప్పమని మీ విద్యార్థులనే అడగండి. రోజూ ఎన్‌వీడీఏ లాంటి, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను మూడింతల వేగంతో వినేవాళ్ల చెవికి పట్టుబడని తప్పు ఉండదు. వాళ్లు పట్టుకున్న ప్రతి మాటనూ ధాతువుల పట్టికలోనో ప్రత్యయాల పట్టికలోనో చేర్చండి. ఆ ఒక్క మాటకే మినహాయింపు రాసి వదిలేస్తే రేపు అదే ధాతువు ఇంకో ప్రత్యయంతో వచ్చినప్పుడు అదే తప్పు మళ్లీ వినిపిస్తుంది.